టీచరమ్మ జీతానికి పన్ను తగ్గదు

డిసెంబరు వచ్చిందంటే లెయోన్ ఊళ్లో జోళ్లు కుట్టే ప్రతి ఇంట్లోనూ ఒకటే హడావిడి. క్రిస్మస్ సరుకు లారీ ఎక్కాలి, పనివాళ్లకు బోనస్ ముట్టాలి, ఏడాది లెక్కలు ఒక కొలిక్కి రావాలి. సెర్మేన్యో వారి కార్ఖానాలో మొదటి పని పెద్ద కొడుకు నసారియో చూసుకుంటాడు. మిగిలిన రెండూ అతని చెల్లెలు నోయెమీ నెత్తిన పడతాయి. నలభై మూడేళ్ల నోయెమీకి సొంతంగా లెక్కల ఆఫీసు ఉంది. ఊళ్లో పది కార్ఖానాలకు పన్ను కాగితాలు రాస్తుంది. వాటన్నిటికీ పట్టే ఓపిక ఒక ఎత్తు, పుట్టింటి లెక్కలకు పట్టే ఓపిక ఒక ఎత్తు అని ఆమె తరచూ అంటుంది.

ఆ రోజు పొద్దున్నే ఫైలు చంకన పెట్టుకుని ఆమె అమ్మ ఇంటికి వచ్చింది. కోయెసీయో పేటలో ఆ ఇంటి ముందు భాగమంతా కార్ఖానాయే. జిగురు వాసన, కుట్టుమిషన్ల రొద దాటుకుని వెళితే వెనకాల వంటిల్లు. అమ్మ దోన్యా ఎదువీహెస్ రోట్లో కాల్చిన టమాటాలు, మిరపకాయలు నూరుతోంది. డెబ్బై ఒక్క ఏళ్లు వచ్చినా కార్ఖానా ఇంకా ఆమె పేరు మీదే ఉంది, రోలూ ఆమె చేతిలోనే ఉంది. కోడలు కొన్న మిక్సీ అట్టపెట్టెలోంచి బయటికి రాలేదు.

"కూర్చో. కాఫీ కాగుతోంది," అంది ఎదువీహెస్. రోటిమీంచి తల ఎత్తకుండానే, "నిన్న మఠం బడికి వెళ్లొచ్చానే. మదర్‌కి మాటిచ్చేశాను," అంది.

"ఏం మాట?"

"మీ పిన్ని స్థలం అమ్మితే నా వాటాకి వచ్చిన డబ్బుంది కదా, అది సాయంత్రం క్లాసుకి ఇస్తానన్నాను. లుదివీనా టీచరమ్మ జీతానికి. ఇంక దేనికీ ముట్టుకోకూడదని గట్టిగా చెప్పాను కూడా."

నోయెమీ ఫైలు బల్ల మీద పెట్టింది. అమ్మ ఆ డబ్బులో కొంత బడికి ఇస్తుందని ఆమెకు తెలుసు. ఆ సలహా ఇచ్చిందే తను. కానీ తను చెప్పింది ఇది కాదు.

"అమ్మా, నెల రోజుల కిందట నీకు ఏం చెప్పాను? బడికి ఇస్తే పన్ను తగ్గుతుంది, కానీ వస్తువుకి ఇవ్వాలి అన్నానా లేదా? గది కట్టించు, కంప్యూటర్లు కొను, కుట్టుమిషన్లు కొను. ఎంత ఇస్తే అంతా లెక్కలోంచి తీసేయొచ్చు. జీతానికి ఇస్తే ఒక్క పెసో కూడా తగ్గదు."

"కుట్టుమిషన్ చదువు చెప్తుందా?"

"చెప్పదు. చట్టం అలా ఉంది."

"ఆ చట్టం రాసినాయన బడికి వెళ్లాడా?"

"వెళ్లే ఉంటాడు."

"మరి ఆయనకి అక్షరాలు నేర్పింది గోడా, బెంచీనా?"

నోయెమీ కళ్లు మూసుకుని ఊపిరి పీల్చింది. "నేను రాశానా అమ్మా చట్టం? నన్ను ఎందుకు దులుపుతావు? రాసిన వాళ్లు దొరకరు కాబట్టి ఇంట్లో దొరికినదాన్ని పట్టుకున్నావు."

"నిన్నెవరు దులిపారే. ఆతోలే జావ తాగుతావా, కాఫీయా?"

అమ్మతో ఎప్పుడూ ఇంతే. మాట తేలేలోపు తాగడానికి ఏదో ఒకటి వస్తుంది. నోయెమీ కాఫీ అందుకుంటుండగానే నసారియో లోపలికి వచ్చాడు, వెనకాలే అతని భార్య బ్రిసేయిదా. కార్ఖానాకీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క తలుపే. ఆ తలుపు దగ్గర డబ్బు అన్న మాట వినిపిస్తే చాలు, ఇంటిల్లిపాదీ చేరిపోతారు.

"అమ్మా, బ్రిసేయిదా ఒక మాట అంటోంది," మొదలుపెట్టాడు నసారియో. కష్టమైన మాటలన్నీ అతను భార్య పేరు మీదే చెప్తాడు. "ఎలాగూ ఇచ్చేది ఆ బడికే. మన అమ్మాయి యాత్సీరి చదివేదీ ఆ బడిలోనే. ఈ మూడేళ్లూ పిల్లకి ఫీజు వద్దని మదర్ చేత ఒక్క మాట అనిపిస్తే..."

"అన్నయ్యా, అలా చేస్తే దాన్ని చందా అనరు, ఫీజు అంటారు," అంది నోయెమీ. "ఇచ్చినవాళ్లకి తిరిగి ఏదైనా ముట్టిందంటే మొత్తం కొట్టేస్తారు. అప్పుడు కంప్యూటర్లకి ఇచ్చినా దండగే."

"ఎవరొచ్చి చూస్తారమ్మా?" అంది బ్రిసేయిదా తీయగా.

"నేను చూస్తాను వదినా. ఆ కాగితం నా చేతి మీదుగా వెళ్తుంది. పట్టుబడితే ఊళ్లో పోయేది నా పేరు."

"మేం ఏం అడిగినా నీకు చట్టం అడ్డొస్తుంది. పోయినేడు వ్యాన్ కొందామన్నా ఇదే మాట."

"వ్యాన్ కొందామంటే డబ్బు లేదన్నాను, చట్టం అనలేదు."

"ఏదైతేనేం, వద్దన్నావు కదా."

ఎదువీహెస్ రోటిని పక్కకు జరిపి, చెయ్యి ఏప్రన్‌కు తుడుచుకుంది. "అరుచుకోకండి. గురువారం పని దిగాక అందరం కలిసి మఠానికి వెళ్దాం. మదర్ ఎదుటే తేలుతుంది. ఇప్పుడు తోర్తియా రొట్టెలు చల్లారుతున్నాయి, తినండి."

నోయెమీ తినలేకపోయింది. ఆమె కడుపులో వేరే సంగతి ఉంది. రాజధానిలోని పెద్ద కొట్టు ప్రతి ఏడూ జనవరికి ఇచ్చే ఆర్డరు ఈసారి ఇవ్వలేదు. నవంబరులోనే నేరుగా నోయెమీకే ఫోన్ చేసి, సారీ అన్నారు. ఎలాగూ జనవరి నుంచి మార్చి దాకా జోళ్ల ఊరికి గడ్డుకాలం. ఆ ఆర్డరు కూడా లేకపోతే పై తోలు కుట్టే ఆడవాళ్లలో సగం మందిని ఇంటికి పంపాలి. నోయెమీ ఒక దారి ఆలోచించి పెట్టుకుంది. జనవరిలో బ్యాంకులో అప్పు తెచ్చి జీతాలివ్వడం, వసంతంలో పన్ను తగ్గి మిగిలిన డబ్బుతో ఆ అప్పు తీర్చడం. ఆ మిగులు రావాలంటే అమ్మ ఇచ్చే చందా పూర్తిగా లెక్కలోకి రావాలి. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే అన్నయ్య కంగారు పడి ఊరంతా చాటుతాడు. అమ్మకు బీపీ పెరుగుతుంది. అందుకని ఎప్పటిలాగే తనే మోస్తోంది. మోస్తున్నకొద్దీ మాట పెళుసుబారుతోంది.

గురువారం సాయంత్రం నలుగురూ మదర్ ఎర్మెలిందా గదిలో కూర్చున్నారు. మదర్ సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ఇరవై ఏళ్లుగా బడి నడిపి, దేవుడి మీద కంటే కొళాయిలు బాగుచేసేవాడి మీదే ఎక్కువ ప్రార్థనలు ఖర్చుపెట్టానని ఆమే చెప్తుంది.

ముందు ఎదువీహెస్ తన మాట చెప్పింది. టీచరమ్మ జీతం, ఇంకేదీ కాదు. తర్వాత నోయెమీ తన మాట చెప్పింది. కంప్యూటర్లో మిషన్లో ఏదో ఒకటి, బడి పేరున కొన్న వస్తువు, రసీదు మీద అదే మాట స్పష్టంగా ఉండాలి. ఆపైన నసారియో గొంతు సవరించుకుని, బ్రిసేయిదా ఒక మాట అంటోంది మదర్, అన్నాడు.

మదర్ అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మీరు ఇచ్చేది ఒక చందానా, మూడు చందాలా?"

మదర్ కళ్లజోడు పెట్టుకుని ముందు నసారియో వైపు చూసింది.

"నసారియో, ఫీజు సంగతి ఈ గదిలో ఇంకోసారి ఎత్తకు. చందా పుచ్చుకుని ఫీజు వదిలేశామని తెలిస్తే నీ రసీదుతో పోదు. చందాలు తీసుకునే అనుమతే బడికి పోతుంది. యాత్సీరికి ఫీజు కట్టలేకపోతే అది వేరే మాట. అందరిలాగే అర్జీ పెట్టుకో, అందరితో పాటే చూస్తాం."

"కట్టలేక కాదు మదర్," అంది బ్రిసేయిదా, ముఖం ఎర్రబడి.

"అయితే కట్టమ్మా." మదర్ నోయెమీ వైపు తిరిగింది. "చూడమ్మా, నీ బాధ నాకు తెలుసు. నీలాంటి లెక్కలవాళ్లు ప్రతి డిసెంబరులోనూ నా దగ్గరికి వస్తారు. ఏదో ఒక కంపెనీ కంప్యూటర్లు తెచ్చి దింపుతుంది, ఫోటో తీసుకుంటుంది, రసీదు పట్టుకుని వెళ్తుంది. రెండు గదుల నిండా ఉన్నాయి. కొన్నిటికి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. నేర్పేవాళ్లు లేరు. నాకు కావలసింది మనిషి, మనిషికి రసీదు లేదు. ఏం చెయ్యమంటావు?"

"మరి మా అమ్మ దగ్గర మాట ఎందుకు తీసుకున్నారు?"

"నేను తీసుకోలేదు. ఆవిడ ఇచ్చింది."

నోయెమీకి ఎక్కడలేని విసుగూ ఒక్కసారిగా పొంగింది. పొద్దున నుంచి బోనస్ కాగితాలు, మధ్యాహ్నం బ్యాంకులో పడిగాపులు, ఇప్పుడు ఇది. "మదర్, ఆ మాట లెక్కలోకి తీసుకోకండి. మా అమ్మకి ఈ సంగతులేవీ తెలీవు. నేను ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడుతుంది, అంతే. ఏది సంతకం పెడుతోందో కూడా చూడదు."

అన్న తర్వాత ఆ మాట గదిలో అలాగే నిలిచిపోయింది. నసారియో నేలకేసి చూశాడు. 

ఎదువీహెస్ శాలువా భుజాల మీదికి లాక్కుని లేచింది. "నసారియో, నన్ను ఇంటికి దింపు." నోయెమీ వైపు చూడలేదు. గుమ్మం దగ్గర ఆగి, "మదర్, మళ్లీ వస్తాను," అని మాత్రం చెప్పింది.

వాళ్లు వెళ్లిపోయాక కూడా నోయెమీ కుర్చీలోంచి లేవలేదు. మదర్ ఓదార్చే రకం కాదు. "రా, అమ్మ ఎందుకు మొండికేసిందో చూపిస్తాను. చూశాక కూడా కంప్యూటర్లే కొంటానంటే కొను, ఇంకో గది ఖాళీ చేయిస్తాను," అని ముందు నడిచింది.

సాయంత్రం క్లాసు ఒకటో తరగతి గదిలో జరుగుతోంది. గోడల మీద రంగు కాగితాల సీతాకోకచిలుకలు. ఆరేళ్ల పిల్లల కోసం చేసిన బల్లల మీద పాతికమంది దాకా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మోకాళ్లు బల్లకి ఆనుకుని గడ్డం దాకా వచ్చాయి. కొందరు కాళ్లు చాపి పక్కకు తిరిగి కూర్చున్నారు. ఒకామె బెంచీ మీద పట్టక నేల మీదే చతికిలబడి, పుస్తకం బెంచీ మీద పెట్టుకుని రాస్తోంది. పైన ఒక ట్యూబులైటు వెలుగుతోంది, ఇంకోటి కొట్టుకుంటోంది. అందరి వేళ్లకీ తోలు రంగు, జిగురు మరకలు. ముందు వరసలో తమ కార్ఖానాలో పని చేసే తాచా కనబడింది. యాభై దాటిన మనిషి, నోయెమీ చిన్నప్పటి నుంచీ అదే మిషన్ మీద కూర్చుని కుడుతోంది.

నోయెమీని చూడగానే తాచా పుస్తకం మూసి చేతులతో కప్పింది. తర్వాత ఏమనుకుందో, చేతులు తీసేసింది.

"రామ్మా లెక్కలమ్మా. ప్రతి మే నెలలోనూ లాభంలో మా వాటా కాగితం నువ్వే చదివి వినిపిస్తావు కదా. ఈసారి నేనే చదువుతా. ఏమైనా మింగావేమో తెలుస్తుంది."

క్లాసంతా నవ్వింది. నోయెమీకీ నవ్వు వచ్చింది. "ఏం దొరికింది ఇప్పటిదాకా?"

"ఇంకా 'మ' దగ్గరే ఉన్నాం. మింగడం దాకా రాలేదు."

లుదివీనా టీచరమ్మ సుద్దముక్క పెట్టేసి దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్లు ఉండొచ్చు. అలసిన ముఖం, చురుకైన కళ్లు. ఈ క్లాసు ఖర్చు భరించిన సంఘం వేసవిలోనే చేతులెత్తేసిందనీ, అప్పటి నుంచీ జీతం లేకుండానే చెప్తోందనీ మదర్ దారిలోనే చెప్పింది.

"నెలాఖరుతో మానేస్తున్నానండీ," అంది లుదివీనా. "అగ్వాస్కాలియెంతెస్‌లో ఒక స్కూల్లో పని దొరికింది. వీళ్లని వదిలెళ్లడం నాకూ ఇష్టం లేదు. ఇక్కడ అందరూ నన్ను దేవత అంటారు. ఇంటి ఓనరు ఒక్కడే అనడు. ఒకటో తారీఖు వస్తే తలుపు కొడతాడు."

తాచా బెంచీలోంచి కష్టపడి లేచి, నడుం పట్టుకుని పక్కకు వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"జనవరిలో మమ్మల్ని తీసేస్తున్నారటగా?"

"ఎవరన్నారు?"

"ఒకరు అనాలా? తోలు రావడం ఆగింది. ఫోన్ మోగితే నువ్వు బయటికెళ్లి మాట్లాడతావు. నవంబరు నుంచి నవ్వట్లేదు కూడా." తాచా వేలి మీది జిగురు గోక్కుంది. "నిష్ఠూరానికి అనట్లేదమ్మా. పని లేకపోతే ఎక్కడి నుంచి తెస్తారు. పోయినసారి తీసేసినప్పుడు వేరే ఫ్యాక్టరీకి వెళ్తే కాగితం నింపమన్నారు. వాచ్‌మన్‌ని బతిమాలి రాయించుకున్నా. వాడు నా వయసు పదేళ్లు ఎక్కువేశాడు, ఉద్యోగం రాలే. ఈసారి నేనే రాసుకోవాలని ఇక్కడ చేరా. పని తీసేస్తే తీసేయండి, క్లాసు మాత్రం ఉండనివ్వండి. మీ అమ్మ ఉండనిస్తానంది."

నోయెమీ బయటికి వచ్చి కారులో కూర్చుని, చాలాసేపు తాళం తిప్పలేదు. అప్పు, పన్ను, మిగులు, అంతా ఈ మనుషుల కోసమే కదా తను లెక్క వేసింది. ఆ లెక్క వాళ్లని నిలబెడుతుందనుకుంది. కానీ వాళ్లకి ఏం కావాలో ఒక్కరినైనా అడగలేదు. వాళ్ల మాట వాళ్లు చెప్పుకోగలరని కూడా అనుకోలేదు.

ఆమె అమ్మ ఇంటికి వచ్చేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. ఎదువీహెస్ ఉల్లిపాయలు, నోపాల్ జెముడు ముక్కలు తరుగుతోంది. మనిషి మాట్లాడకపోయినా కత్తి మాట్లాడుతోంది. కూతురు ఎదురుగా కూర్చుంటే, ఒక కంచంలో బీన్స్, తోర్తియాలు పెట్టి టక్కున ముందుకు తోసింది.

"అమ్మా."

"తిను."

"నేను అలా అనకుండా ఉండాల్సింది."

"ఏం, అబద్ధమా? నిజమే కదా. నువ్వు పెట్టమన్నచోట పెడతాను. చూడను. ఎందుకు చూడనో తెలుసా? నువ్వు చూస్తావు కాబట్టి. కన్నకూతురు చూశాక నేను మళ్లీ కళ్లజోడు పెట్టుకుంటే నిన్ను నమ్మనట్టు ఉంటుందని. దాన్ని నువ్వు మదర్ ముందు తెలివితక్కువతనం చేశావు."

నోయెమీ తల దించుకుంది. కాసేపటికి, ఇక దాచడానికి ఓపిక లేక, అన్నీ చెప్పేసింది. రాని ఆర్డరు, తేవాల్సిన అప్పు, తగ్గుతుందనుకున్న పన్ను, ఇంటికి పంపాల్సిన ఆడవాళ్లు. "నేను డబ్బు మిగుల్చుకుందామని అడ్డం పడుతున్నానా? ఈ ఇంట్లో ఎవరు ఏం ఇద్దామన్నా వద్దనేది నేనే. వ్యాన్ వద్దు, ఫీజు వద్దు, టీచరమ్మ వద్దు. అందరూ మంచివాళ్లు, నేనే పిసినారిని. విసుగొచ్చేసిందమ్మా నాకు. నిజంగా విసుగొచ్చేసింది."

ఎదువీహెస్ చేతిలో కత్తి ఆగిపోయింది. "నవంబరు నుంచీ ఇది ఒక్కదానివే మోస్తున్నావా?"

"ఎవరితో చెప్పను?"

"నాతో. ఈ కార్ఖానా ఎవరిదనుకున్నావు?"

"నీకు బీపీ..."

"బీపీ ఉన్నది నాకు, కార్ఖానాకి కాదు." ఆమె స్టూలు లాక్కుని కూతురి పక్కన కూర్చుంది. కోపం పోయింది, కానీ గొంతులో దాని గరుకు ఇంకా ఉంది. "నువ్వు అన్నీ చూస్తున్నావని నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను. అది నా తప్పు. పిల్ల మీద ఇంత బరువు పెట్టి, పైగా మొండికేశాను."

ముందువైపు మిషన్లు ఆగి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

"ఆ క్లాసే ఎందుకో చెప్పనా?" అంది ఎదువీహెస్. "నేను ఇంట్లోనే కూర్చుని జోళ్లు కుట్టే రోజుల్లో తోలు ఒక దళారి దగ్గర కొనేదాన్ని. తోళ్ల ఫ్యాక్టరీ వాళ్లు ధరల కాగితం పంపేవాళ్లు. అది వాడే చదివి చెప్పేవాడు. ఏళ్ల తరబడి వాడు చదివిన ధరే నాకు ధర. మీ నాన్నకీ చదువు రాదు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఆ మఠంలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. అంకెలు అంతకుముందే వచ్చు, పక్కన ఉన్న మాటే రాదు. ఏది మేక తోలు, ఏది దూడ తోలు అని కాగితం మీద మొదటిసారి నేనే చదివినరోజు, వాడి ఎదురుగా చదివాను. వాడు నాకు మేకతోలుకి దూడతోలు ధర వేస్తున్నాడే. అన్నేళ్లూ. ఆ మర్నాడే నేరుగా ఫ్యాక్టరీకి వెళ్లాను. అలా పుట్టింది ఈ కార్ఖానా. నీ చదువు, అన్నయ్య పెళ్లి, ఈ ఇల్లు, అన్నీ అక్కణ్ణించే."

"ఇది నాకెప్పుడూ చెప్పలేదు."

"మోసపోయిన కథ పిల్లలకి చెప్పుకుంటామా?" ఆమె కూతురి ముఖంలోకి చూసింది. "ఇచ్చినవాళ్లకి తిరిగి ఏదైనా ముడితే అది చందా కాదని మొన్న మీ అన్నయ్యతో అన్నావు. నేను విన్నాను. నాకు ముట్టాల్సింది ముందే ముట్టిందే. ముప్పై ఏళ్ల కిందటే ముట్టింది. ఇప్పుడు నేను ఇచ్చి, మళ్లీ పన్నులో కూడా తగ్గించుకుంటే రెండుసార్లు తీసుకున్నట్టు కాదా?"

నోయెమీ నవ్వబోయింది. చట్టం దృష్టిలో అది అలా కాదని చెప్పబోయింది కూడా. కానీ కళ్లు నిండిపోయాయి. చిన్నపిల్లలా అమ్మ భుజం మీద ముఖం పెట్టుకుని ఏడ్చింది. ఎదువీహెస్ ఉల్లిపాయ వాసన వచ్చే చేత్తోనే ఆమె జుట్టు నిమిరింది.

"ఏడిస్తే ఏడువు గానీ, ఆ బీన్స్ తిను. ఇప్పటికి రెండుసార్లు చల్లారాయి."

ముఖం కడుక్కుని వచ్చాక నోయెమీ మళ్లీ లెక్కలమ్మ అయింది. పెన్ను తీసింది. "సరే, విను. ఆ ఆడవాళ్లు పిల్లల బెంచీల మీద కూర్చోలేక చస్తున్నారు. పెద్దవాళ్లు కూర్చునే బల్లలు కావాలి. లైట్లు కావాలి. అవి వస్తువులే, వాటికి పన్ను తగ్గుతుంది. సగం డబ్బు అందుకిద్దాం. మిగతా సగం టీచరమ్మకి. అది ఎక్కడా తగ్గదు, తగ్గించను."

"ఆ సగం ఆవిడకి ఎన్నాళ్లు వస్తుంది?"

"రెండేళ్లు. ఆపైన మళ్లీ చూద్దాం."

"మరి నీ అప్పు?"

"అప్పు ఏప్రిల్లో తీరదు. ఇంకా కొన్నాళ్లు లాగాలి. అది నువ్వూ నేనూ కలిసి చూద్దాం. అన్నయ్యకి కూడా చెప్పాలి."

నసారియోకి మర్నాడు చెప్పారు. అనుకున్నట్టే మొదట కంగారు పడ్డాడు, తర్వాత అలిగాడు. అన్నిటికంటే అతనికి బాధేసింది తనకి చెప్పకపోవడం. "నేను ఈ ఇంట్లో డ్రైవర్‌నా?" అని అడిగాడు. నోయెమీ క్షమాపణ చెప్పుకుంది. వ్యాన్ మాట ఈ ఏటికి తనే వదిలేశాడు. ఫీజు మాట బ్రిసేయిదా వదిలేసింది, కానీ ఆ నెలంతా ఆడబిడ్డకు కాఫీ ఇచ్చేటప్పుడు, "ఇది చందా కాదులే, తాగు," అంటూనే ఉంది.

జనవరి తేలిగ్గా గడవలేదు. ఎవరినీ ఇంటికి పంపలేదు గానీ, వారానికి మూడు రోజులే పని ఇచ్చారు. ఆ సంగతి నోయెమీ ఈసారి అందరినీ కూర్చోబెట్టి తనే చెప్పింది. ఇద్దరు వేరే చోట పని చూసుకుని వెళ్లిపోయారు. తాచా ఉండిపోయింది. లుదివీనా అగ్వాస్కాలియెంతెస్‌కి ఫోన్ చేసి రానని చెప్పింది.

ఫిబ్రవరిలో బల్లలు వచ్చాయి. ఆ సాయంత్రం నోయెమీ అమ్మని తీసుకుని మఠానికి వెళ్లింది. పాత బెంచీలన్నీ ఒక మూలకి చేర్చారు. తెల్లటి కొత్త లైట్ల కింద ఆడవాళ్లు ఒక్కొక్కరే కుర్చీలు లాక్కుని కూర్చుంటున్నారు. బల్ల కింద కాళ్లు చాపుకోగలగడమే వాళ్లకి వింతగా ఉంది. ఒకామె ఆ సుఖానికి పుస్తకం తెరవడం కూడా మరిచిపోయింది. ఎదువీహెస్ కూడా ఒక కుర్చీలో కూర్చుని చూసి, చెక్క మీద చెయ్యి వేసి రాసింది.

బల్లలకీ లైట్లకీ డిసెంబరులోనే కట్టిన డబ్బు రసీదు మదర్ తీసి ఇచ్చింది. నోయెమీ దాన్ని అలవాటుగా రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టింది. తర్వాత ఎదువీహెస్ టీచరమ్మ జీతం చెక్కు తీసి మదర్ చేతికిచ్చింది.

"దీనికి కూడా రాయాలి," అంది మదర్. "బడి లెక్కలో డబ్బు ఊరికే పడకూడదు. పన్నుకి పనికిరాదు అనుకో. ఏమని రాయమంటావు?"

ఎదువీహెస్ కూతురి వైపు చూసింది.

"మీ లెక్క కోసం మీరు రాసుకోండి మదర్," అంది నోయెమీ. "మా కాపీ అక్కర్లేదు. దీనికి రావాల్సింది మాకు ముందే ముట్టింది."